మా అమ్మ ఫిర్యాదును ఎవరు మూసేశారు?

కస్టమర్ కేర్ మేనేజర్ గారికి,

నమస్కారం. ఇది నేను మీకు రాస్తున్న నాలుగో ఉత్తరం. మొదటి మూడింటికీ "మీ ఫిర్యాదు అందింది" అని మెసేజ్ వచ్చింది, అంతే.

మాది పర్లాకిమిడి. అమ్మకి 70 ఏళ్లు, 14 ఏళ్లుగా షుగర్, రెండు పూటలా ఇన్సులిన్. నెలకోసారి నర్సు వచ్చి పాదాలు చూస్తుందని, మూడు నెలలకోసారి హెచ్‌బీఏ1సీ (మూడు నెలల సగటు షుగర్ చెప్పే) పరీక్షకి రక్తం తీస్తారని, అమ్మ తిండీ అలవాట్లూ కనుక్కుని ఆమె కోసమే ప్లాన్ రాస్తారని చెబితే మీకు ఏడాది డబ్బు ముందే కట్టాం. మీరిచ్చిన షుగర్ చూసే మిషన్ తప్పు చూపించింది. దానికి నాకు కోపం లేదు, మిషన్ అన్నాక పాడవుతుంది.

ఫోన్ చేస్తే మొదట హిందీలో ఒకమ్మాయి, "పిన్‌కోడ్ ఒడిశాది, భువనేశ్వర్ వాళ్లకి కలుపుతాను" అంది. ఇరవై నిమిషాలు పాట విన్నాను. అక్కడివాళ్లు, "మీరు తెలుగు ఎంచుకున్నారు కదా, విశాఖపట్నం వాళ్లే చూడాలి" అన్నారు. విశాఖ అబ్బాయి తెలుగులో చక్కగానే మాట్లాడాడు. "మేం పాతపట్నం దాకానే వస్తామండి, మీది వేరే రాష్ట్రం" అన్నాడు. మహేంద్రతనయ నదికి అటు ఆంధ్రాలో పాతపట్నం, ఇటు మేము! మా చుట్టాల్లో సగం మంది అటే ఉన్నారు. 1936లో పర్లాకిమిడి ఒడిశాలో కలిసింది, డబ్బు తీసుకున్న రోజున అది మీకు తెలియదా? మళ్లీ చేస్తే మళ్లీ హిందీ అమ్మాయే, మళ్లీ మొదటి నుంచి అన్నీ చెప్పాలి.

నర్సు వస్తుందన్న రోజు సెలవు పెట్టి, వీధి తలుపు తీసుకుని సాయంత్రం దాకా కూర్చున్నాను. "కస్టమర్ ఇంట్లో లేరు" అని రాసి ఫిర్యాదు మూసేశారు. పాత షుగర్ ఉన్నవాళ్లకి కాళ్లలో నరాలు మొద్దుబారితే, చెప్పులో రాయి గుచ్చుకున్నా తెలియదు. అమ్మ బొటనవేలి కింద పుండును చీము పట్టాక నేనే చూశాను. బరంపురం తీసుకెళ్లి కట్లు కట్టించాం.

ఇక ప్లాన్. ఓట్సు, చపాతీ అని అందరికీ పంపే చార్టే పంపారు. అమ్మ పొద్దున్న తాగేది చోడి (రాగి) అంబలి, ఏం తాగుతుందని ఒక్కరైనా అడిగారా? చార్టు ప్రకారం రాత్రి తిండి తగ్గింది, ఇన్సులిన్ మాత్రం తగ్గించమని ఎవరూ చెప్పలేదు. రాత్రి రెండింటికి చెమటలు, వణుకు, షుగర్ 58. 70 కంటే తగ్గినా ప్రమాదమే. గ్లూకోజ్ నీళ్లు తాగించి, పావుగంటకి మళ్లీ చూసుకుంటూ మీ హెల్ప్‌లైన్‌కి చేస్తే, "డైటీషియన్ పదింటికి వస్తారు" అన్నారు.

మా పెదనాన్ననీ, వీధిలో ఇంకో ఇద్దరినీ మీ దగ్గర చేర్పించింది నేనే. ఇప్పుడు వాళ్లకి ఏం చెప్పమంటారు? అమ్మతో మాట్లాడి తెలుగులో ప్లాన్ రాసే మనిషి కావాలి, నర్సు ఎవరో, ఏ రోజు వస్తారో రాతపూర్వకంగా కావాలి, లేదా మిగిలిన డబ్బు వెనక్కి ఇవ్వండి. వారం చూస్తాను. తర్వాత జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేస్తాను, ఆపైన వినియోగదారుల కమిషన్‌లో కేసు వేస్తాను. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం మేముండే చోటే వేయొచ్చు. అక్కడికి రావడానికి మీకు పిన్‌కోడ్ అడ్డు రాదు.

ఇట్లు,
మీ కస్టమర్ కూతురు,
పర్లాకిమిడి, గజపతి జిల్లా