పరకాల పెద్దబాపుకు దండాలు

నిన్న మధ్యాహ్నం మా బాపు చేతికి 2,016 రూపాయలు వచ్చాయి. చేనేత పింఛను, నాలుగు నెలల తర్వాత. రాత్రంతా నిద్ర పట్టలేదు. ఒళ్లంతా నొప్పులుగా ఉంది కానీ ఈ నాలుగు మాటలు ఇప్పుడే రాయాలి.

మాది వరంగల్ కొత్తవాడ. బాపు జంపఖానాలు నేస్తాడు. నలభై ఏళ్లుగా పంజాతో, అంటే దువ్వెన లాంటి పనిముట్టుతో, పోగు కొట్టీ కొట్టీ ఆయన వేళ్ల కొసలు నున్నగా అరిగిపోయాయి. వెలుగులో పెట్టి చూసినా ఒక్క గీత కనిపించదు. ఆ వేలు మిషన్ మీద పెడితే ఎర్ర లైటే. "ముద్ర పడలేదు, వచ్చే నెల రా." ప్రతి నెలా ఇదే మాట. నేతగాడివని పింఛను రాస్తారు, నేసి అరిగిన వేలు పెడితే నువ్వు నువ్వు కాదంటారు. ఇంకో వేలు పెట్టి చూడు పెద్దమనిషీ అని ఒక్కరైనా అన్నారా? లేదు. రాస్తుంటే ఇప్పటికీ కడుపు మండుతోంది.

ఆగస్టు 7, చేనేత దినోత్సవానికి మన వరంగల్ రేడియోలో ముచ్చట పెట్టడానికి బాపును పిలిచారు. పుస్తకాల భాష రాదని ఆయనకు ఒకటే టెన్షన్. "ఇంట్ల ఎట్ల మాట్లాడ్తరో అట్లనే మాట్లాడుండ్రి" అంది అనౌన్సర్ అమ్మాయి. వరంగల్ జంపఖానాకు 2018లో వచ్చిన భౌగోళిక గుర్తింపు గురించి అడిగింది. బాపు కాసేపు ఆగి, "గుర్తింపు జంపఖానకు అచ్చింది బిడ్డా, నా చేతి ఏళ్లకు రాలే" అన్నాడు. అది పాట వేయాల్సిన సమయం. ఆ అమ్మాయి పాట వేయలేదు. "ఎన్ని నెలలాయె?" అని అడిగి, మొత్తం చెప్పించింది. చెల్లీ, నీకు రుణపడి ఉంటాను.

ఆ ముచ్చట విన్న ఒకాయన రేడియో వాళ్లకు ఫోన్ చేసి మా నంబరు అడిగాడట. పరకాల ఆయనది, ఆర్టీసీలో కండక్టరుగా చేసి రిటైరయ్యాడు. వాళ్ల ఇంటామె బీడీలు చుట్టి చుట్టి వేళ్లు అరిగి ఇదే తిప్పలు పడిందట. "ఆధార్ల చేతుల పది ఏళ్లు, కండ్లు మళ్ల తీయించాలె. ఏ ఏలు మంచిగ పడ్తదో సూస్కోని గదే పెట్టాలె. రేపు నేనస్త" అన్నాడు.

మేము ఏడింటికి ఆధార్ కేంద్రానికి వెళ్లేసరికి షట్టర్ ముందు చెప్పుల వరుస ఉంది. రెండో చోట ఒక పాత తోలు చెప్పు, దాని కింద చీటీ. చీటీ మీద మా బాపు పేరు. ఈయన మొదటి బస్సుకు వచ్చి, తన చెప్పు విడిచి, వట్టి కాళ్లతో గోడకు ఆనుకొని నిలబడ్డాడు. నాకు మాట రాలేదు, అక్కడే ఏడ్చేశాను.

తర్వాత టీ కొట్టులో గోరువెచ్చని నీళ్లు అడిగి తెచ్చి, బాపు చేతులు అందులో పెట్టించి, ఒక్కో వేలూ తన తువ్వాలుతో తుడిచాడు. పసిపిల్లాడికి తుడిచినట్టు. బాపు సిగ్గుపడి చేయి వెనక్కి లాక్కోబోతే, "ఉండే అన్నా" అన్నాడు. చివరికి ఎడమ చేతి ఉంగరం వేలు బాగా పడింది. నిన్న పింఛను దగ్గర కూడా ఆ వేలే పనిచేసింది. బస్సు చార్జీలు ఇస్తే తీసుకోలేదు, పేరు రాయొద్దన్నాడు. ఫోన్ చేస్తే వాళ్ల ఇంటామె ఎత్తి, "అచ్చినయా పైసలు?" అని అదే ముందు అడిగింది.

అమ్మ, భీవండిలో ఉన్న తమ్ముడు ఎప్పటిలాగే వెంట ఉన్నారు.

జహీరాబాద్ దగ్గర మాచనూరులో 2008 నుంచి ఆడవాళ్లే సంఘం రేడియో నడుపుతున్నారు, 90.4 మీద. మా మగ్గాల మధ్య కూడా అలాంటిది ఒకటి ఉంటే నాలుగు నెలలు పట్టేదా?

సెలవులిచ్చిన మా స్కూల్ మేడంకు, స్కూటీ ఇచ్చిన ఎదురింటి వదినకు థాంక్స్. అయ్యో, నీళ్లకు డబ్బులు తీసుకోని టీ కొట్టు అన్నకు కూడా.

ఇంకొకరిని మర్చిపోయాను. చెప్పుల వరుసలో మా ముందున్న అవ్వ, బాపును కూర్చోబెట్టడానికి తన గోనెసంచి పరిచింది. ఆమె వేలు ఆ రోజు పడలేదు. ఆమె ఎవరికైనా తెలిస్తే ఇది చదివి వినిపించండి. పెద్దబాపు నంబరు నా దగ్గర ఉంది.