మద్యం దుకాణం ఎక్కడ పెడతారో ముందే చెప్పాలి

సంపాదకుడి గారికి,

తెలంగాణలో 2025-27 లైసెన్సుల కోసం 2,620 మద్యం దుకాణాలకు 95 వేలకు పైగా దరఖాస్తులు వచ్చాయని, డ్రాలో పేరు రాకపోయినా తిరిగి ఇవ్వని దరఖాస్తు రుసుమును రెండు లక్షల నుంచి మూడు లక్షలకు పెంచడంతో ఒక్క సీసా అమ్మకముందే ఖజానాకు 2,850 కోట్ల రూపాయలకు పైగా చేరిందని పత్రికలన్నీ రాశాయి. ఆ రుసుము న్యాయమా కాదా అన్న వాదనలోకి నేను వెళ్లను. పోతే పోయాయనుకోగలిగిన వారే ఆ డబ్బు కట్టారు. నా అభ్యంతరమల్లా, డ్రా తీసే రోజుకు కూడా ఏ దుకాణం ఏ వీధిలో వస్తుందో ఆ వీధివారికి తెలియకపోవడం.

గెజిట్‌లో ఉండేది దుకాణం నంబరు, అది ఏ ఊరి లేదా ఏ వార్డు పరిధిలోకి వస్తుందన్న వివరం మాత్రమే. డ్రాలో పేరు వచ్చిన వ్యక్తి ఆ తర్వాత మడిగ వెతుక్కుంటాడు, ఎక్సైజ్ అధికారులు వచ్చి చూసి సరేనంటారు. అప్పటికే లైసెన్సు పన్నులో మొదటి వాయిదా కట్టి, మడిగకు అడ్వాన్సు కూడా ఇచ్చి ఉంటాడు కాబట్టి, ఎవరైనా అభ్యంతరం చెప్పినా వెనక్కి తగ్గడం అతనికీ కష్టమే, అధికారులకూ కష్టమే.

మా కాలనీలో జరిగింది ఇదే. ఖాళీ మడిగకు రంగులు వేస్తుంటే కిరాణం వస్తుందనుకున్నాం. వారం తిరక్కముందే వైన్స్ తెరిచారు, పక్కనే కూర్చుని తాగే పర్మిట్ రూం. బడికి ఉండాల్సిన దూరం లేదని మేము ఫిర్యాదు చేస్తే, కొలవాల్సింది గోడ నుంచి గోడకు కాదని, మనిషి నడిచే దారి వెంట ద్వారం నుంచి ద్వారానికని చెప్పి టేపు పట్టి చూపించారు. బడి పెద్ద గేటు అవతలి రోడ్డులో ఉంది గనుక లెక్క సరిపోయింది. పిల్లలు వచ్చిపోయేది ఇటువైపు చిన్న గేటు నుంచి.

ఎంపికైన వ్యక్తి చూపిన మడిగ ఇంటి నంబరును పంచాయతీ లేదా మునిసిపల్ కార్యాలయంలోనూ, ఆ మడిగ తలుపు మీదా పదిహేను రోజులు ప్రదర్శించి, వచ్చిన అభ్యంతరాలకు కారణాలతో రాతపూర్వకంగా జవాబిచ్చిన తర్వాతే లైసెన్సు చేతికివ్వాలని నా కోరిక. అభ్యంతరం నిలిస్తే అదే పరిధిలో వేరే చోటు చూసుకునే గడువు అతనికి ఇవ్వవచ్చు; ఆ రోజులకు లైసెన్సు పన్ను మినహాయించడం కూడా సబబే. ఇందులో వింత ఏమీ లేదు. గిరిజనులు ఎక్కువగా ఉండే షెడ్యూల్డ్ ప్రాంతాల్లో మత్తు పదార్థాల అమ్మకాన్ని నియంత్రించే అధికారం గ్రామసభకు ఉండాలని ఆ ప్రాంతాల పంచాయతీల కోసం చేసిన 1996 నాటి పెసా చట్టమే చెబుతోంది. మైదాన ప్రాంతాల వారు అడుగుతున్నది అంత అధికారం కూడా కాదు, ముందుగా ఒక నోటీసు. జాతీయ, రాష్ట్ర రహదారుల పక్కన దుకాణాలు ఉండరాదని 2016 డిసెంబరులో సుప్రీంకోర్టు ఆదేశించినప్పుడు ఎన్నో దుకాణాలు చోటు మారాయి, వ్యాపారం మాత్రం ఆగలేదు.

ఇప్పటి లైసెన్సుల గడువు 2027 నవంబరు 30తో ముగుస్తుంది. తర్వాతి నోటిఫికేషన్ వెలువడే లోపే ఈ నిబంధనను చేర్చాలని, గడువు మధ్యలో దుకాణాన్ని ఒక చోటి నుంచి మరో చోటికి మార్చేటప్పుడు కూడా దాన్ని వర్తింపజేయాలని ఎక్సైజ్ శాఖను కోరుతున్నాను.

ఇట్లు,
ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు,
జనగామ జిల్లా