యానాం శుభలేఖ

ఒరే బావా,

ఎలా ఉన్నావు? చెల్లెమ్మ, పిల్లలు కులాసాయేనా? నీ ఉత్తరం అందింది. మీ వంశవృక్షం ముత్తాతగారి దగ్గర ఆగిపోయిందనీ, ఆయన పెళ్లి సంవత్సరానికీ పెద్దకొడుకు పుట్టిన సంవత్సరానికీ పొంతన కుదరడం లేదనీ రాశావు. దాని గురించి కూడా రాస్తాను. కానీ మా ఇంట్లో బయటపడిన సంగతి ముందు నీకు చెప్పాలి. ఇది చదివాక మీ లెక్క ఎక్కడ తేడా కొడుతోందో నీకే తట్టవచ్చు.

మా తాతయ్యకి నాయనమ్మ కంటే ముందు ఒక పెళ్లయిందిరా. ఆ పెళ్లికూతురు ఎవరో కాదు, నాయనమ్మకి సొంత అక్క.

తీగ మహాలయ పక్షంలో దొరికింది. నాన్న తర్పణాలకి వాడే నోటుబుక్కు చిరిగిపోతోంది, కొత్తదాంట్లోకి ఎక్కించి పెట్టమన్నారు. తండ్రి, తాత, ముత్తాత, తల్లి, నాయనమ్మ, ఆవిడ అత్తగారు, అలా వరసగా పేర్లు రాస్తూ పోతుంటే ‘సాపత్నీ మాతరం’ అన్నచోట తాతయ్య చేతిరాతతో ఒక పేరు ఉంది. ఆ వరసలో చెప్పేది సవతి తల్లి పేరే కదా! నాన్నని అడిగితే, “మీ తాతయ్య రాసిచ్చిన పేర్లురా, శాస్త్రిగారు చెప్పిస్తారు, నేను చెబుతాను” అన్నారు. ఇన్నేళ్లుగా ఆమె ఎవరో తెలియకుండానే ఆమెకి నీళ్లు వదులుతూ వచ్చారు మా నాన్న.

అప్పుడు నాకు అవిధవా నవమి గుర్తొచ్చింది. నీకు తెలుసుగా, భాద్రపద బహుళ నవమి, ముత్తైదువగా పోయినవాళ్ల కోసం పెట్టే రోజు. తాతయ్య వాళ్లమ్మగారు భర్త పోయాక చాలా ఏళ్లు బతికారు. కాబట్టి ఆవిడ కోసం కాదు. అయినా ఏటా ఆ రోజున నాయనమ్మ మడి కట్టుకుని వంట చేసేది, వీధి చివర ఉండే ఒక పెద్దావిడని పిలిచి భోజనం పెట్టి, రవికెల గుడ్డ, పసుపు, కుంకుమ, గాజులు ఇచ్చేది. ఆ గాజులు ఎప్పుడూ చిన్నపిల్లల సైజే. వచ్చినావిడ చేతికి పట్టేవి కావు, ఇంటికి తీసుకెళ్లి మనవరాలికి వేసేది. సైజు తెలియక కొంటోందేమో అనుకునేవాణ్ణి నేను. నాయనమ్మకి తెలుసురా. చెల్లెలిగా తెలుసు, ఆ ఇంటి కోడలిగా తెలుసు. నోరు విప్పి ఒక్క మాట అనలేదు, గాజులు మాత్రం మానలేదు.

ఇక ఊరుకోలేక అటక మీది ట్రంకుపెట్టె దింపాను. పాత పంచాంగాల మధ్య ఒక శుభలేఖ, నాలుగు మూలలా పసుపు ఇంకా కనిపిస్తోంది. యువ నామ సంవత్సరం, వైశాఖ మాసం, వరుడు మా తాతయ్య, ‘మా ప్రథమ పుత్రిక’ వధువు. తెలుగు సంవత్సరాలతో వచ్చే ఇబ్బంది నీకూ ఎదురయ్యే ఉంటుంది, అరవై ఏళ్లకోసారి అదే పేరు తిరిగొస్తుంది. ఇక్కడ మాత్రం అనుమానం లేదు, తాతయ్య పెళ్లికి సరిపోయే యువ 1935 ఒక్కటే. మా నాయనమ్మ పుట్టింది ప్రమోదూతలో, అంటే 1930లో. పైగా ఆవిడ రెండో కూతురు. తాతయ్యతో ఆవిడ పెళ్లి పార్థివలో, 1945లో. ఈ శుభలేఖ ఆవిడది కానే కాదు.

అంతకంటే వింత, పెళ్లి యానాంలో. మగపెళ్లివారిదీ ఆడపెళ్లివారిదీ కోనసీమే. అక్కడ ఇళ్లు లేవా, అరుగులు లేవా, పందిరి వేయడానికి కొబ్బరాకు లేదా? గౌతమీ గోదావరి దాటి, బంధుబలగాన్ని పడవలెక్కించి, ఎదుర్లంక రేవు నుంచి అవతలి ఒడ్డుకి వెళ్లి పెళ్లి చేయాల్సిన అవసరం ఏమొచ్చింది?

శారదా చట్టం వచ్చింది బావా. హరవిలాస్ శారదా తెచ్చిన బిల్లు 1929లో చట్టమై 1930 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చింది. ఆడపిల్లకి 14, మగపిల్లవాడికి 18 నిండకుండా పెళ్లి చేయకూడదు. చేసిన పెద్దవాళ్లకి నెల దాకా సాధారణ ఖైదు, లేదా వెయ్యి రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. చట్టం అమల్లోకి రాకముందే ముగించేయాలని ఆ మధ్య నెలల్లో దేశమంతా ఎన్ని పసిపిల్లల పెళ్లిళ్లు చేశారో! ఆ తర్వాత మనవాళ్లకి యానాం కనిపించింది. అది ఫ్రెంచివాళ్ల ఏలుబడి, బ్రిటిష్ ఇండియా చట్టం అక్కడ చెల్లదు. చుట్టుపక్కల నుంచి జనం పిల్లల్ని తీసుకుని అక్కడికి వెళ్లేవారు. ఎంతమంది వెళ్లారంటే ఆ ఊరికి కళ్యాణపురం అని పేరే వచ్చింది. యానాంలో మీసాల వెంకన్న గుడికి దండం పెట్టుకుని వచ్చేటప్పుడు మనం ఎప్పుడైనా ఈ సంగతి తలుచుకున్నామా?

మా తాతయ్యకి అప్పుడు పదిహేనేళ్లు, ఆ అమ్మాయికి తొమ్మిది. ఈ వయసులు తెలిసిన రోజు నాకు అన్నం సహించలేదు. అప్పటి ఆచారం అలాంటిదని నువ్వు అంటావు, మా నాన్న కూడా అదే అన్నారు. ఆచారమని ఊరుకుందామంటే, ఇది తప్పని ఒక చట్టం అప్పటికే చెబుతోంది కదరా! తప్పించుకోవడానికి దారి వెతుక్కుని, ఖర్చు పెట్టి మరీ వెళ్లారు. ఆ పెద్దల మీద నాకు కోపం వచ్చింది, ఇంకా పోలేదు.

తరవాతి కాగితాలు రిజిస్ట్రేషన్ ఆఫీసులో దొరికాయి. పేర్ల ఇండెక్సు, ఆస్తుల ఇండెక్సు వేరువేరుగా ఉంటాయి. నువ్వు వెతికేటప్పుడు రెండూ తీయించు. ఆడవాళ్ల పేర్లు తెలియనప్పుడు పొలం సర్వే నంబరే దారి చూపిస్తుంది. నాకు దొరికిన మొదటి నకలు 1936 ఆగస్టుది. పిల్ల తండ్రి ఆమెకి పసుపు కుంకుమ కింద ఎకరం పొలం రాసిచ్చాడు. పెళ్లిలో ఇవ్వాల్సినది ఏడాది దాటాక ఎందుకు రాశాడా అని చాలా ఆలోచించాను. శారదా చట్టం కింద ఫిర్యాదు చేయాలంటే పెళ్లయిన ఏడాదిలోపే చేయాలి. ఆ గడువు దాటేదాకా ఆగాడని నా నమ్మకం. పెళ్లి యానాంలో చేసినా ఆయనకి లోపల భయం ఉండే ఉంటుంది.

రెండో నకలు 1938ది. తాతయ్య రాసిన హక్కు విడుదల దస్తావేజు. ‘నా భార్య కాలధర్మం చెందినందున సదరు భూమిలో నాకెట్టి హక్కు లేదు’ అని పొలం మామగారికి తిరిగి అప్పగించారు. కింద ఆయన సంతకం. నేను చూసిన సంతకాల్లోకెల్లా చిన్నపిల్లవాడి రాత అది, అక్షరాలు విడివిడిగా ఉన్నాయి. ఆమెని ‘నా భార్య’ అని ఆయన రాసిన కాగితం ఇదొక్కటే.

మిగిలింది చిన్న నాయనమ్మ చెప్పింది. నాయనమ్మ ఆఖరి చెల్లెలు, 1936లో పుట్టారు, జ్ఞాపకశక్తి చెక్కుచెదరలేదు. “పెద్దక్క విషజ్వరంతో పోయిందిరా, కాపురానికి వెళ్లనేలేదు. మా అమ్మ ఆ పేరు ఎత్తనిచ్చేది కాదు” అన్నారు. ఏడేళ్ల తర్వాత, సంబంధం తెగిపోకూడదని రెండో పిల్లని ఇచ్చారు. అది అప్పట్లో మామూలే. ఎవరూ దాచాలని దాచినట్టు లేదు. ఒకరు కేసు భయంతో, ఒకరు దుఃఖంతో, ఒకరు రెండో పెళ్లి వాడనే మాట రాకూడదని మాట్లాడటం మానేశారు. అలా ఒక మనిషి లేకుండా పోయింది. బడి రిజిస్టరు లేదు, ఫొటో లేదు, సంతకం లేదు. మా వంశవృక్షంలో తాతయ్య పక్కన ఇప్పుడు ఇద్దరి పేర్లూ రాశాను. నాన్న మొదట ఒప్పుకోలేదు, తర్వాత ఆయనే వచ్చి పుట్టిన సంవత్సరం వేయమన్నారు.

ఇప్పుడు మీ ముత్తాతగారి సంగతి. పెళ్లి నాటికే కొడుకు ఉన్నాడంటే, నీ దగ్గరున్నది ఆయన రెండో పెళ్లి తేదీ అయ్యుంటుంది. మొదటావిడ బతికుండగానే చేసుకుని ఉండవచ్చు కూడా. మన మద్రాసు రాష్ట్రంలో హిందువులకి రెండో భార్య కూడదని చట్టం వచ్చింది 1949లో, దేశమంతటికీ 1955లో. పంపకాల దస్తావేజులు ఉంటే ‘ప్రథమ భార్య సంతానం’ అనే మాట కోసం చూడు. పెద్దకొడుకు దత్తత వచ్చినవాడేమో కూడా చూడు. మీ నాన్నగారి తర్పణాల నోటుబుక్కు ఒక్కసారి పూర్తిగా చదువు, ఆత్మీయుల వరస దాకా.

మీ అత్తయ్యగారి పుట్టిల్లు యానామే కదా. ఆ రోజుల్లో పెళ్లిళ్లకి ఇళ్లు ఇచ్చినవాళ్లెవరో, పురోహితులు ఎక్కడివాళ్లో వాళ్లింట్లో ఎవరైనా చెప్పుకునేవారేమో అడిగి పెట్టు. సంక్రాంతికి నువ్వు వస్తే ఇద్దరం కలిసి వెళ్దాం. సెలవు ఎన్ని రోజులు దొరుకుతుందో ముందే రాయి, ఇక్కడ కారు మాట్లాడి పెడతాను. పిల్లలకి నా ముద్దులు చెప్పు.

ఉంటాను,
నీ బావ