ఆ ఆరు కమారోల కమాన్ కట్టలు మళ్ళీ మారుస్తున్నాం

సెప్టెంబరు నుంచి డిసెంబరు లోపు మన డాలస్ గ్యారేజీలో తమ పాత షెవర్లే కమారో కార్లకి వెనక కమాన్ కట్టలు (లీఫ్ స్ప్రింగులు) మార్పించుకున్న ఆరుగురికీ ఫోన్ చేసి చెప్పాను. మిగతావాళ్ళకి కూడా సంగతి నా నోటి నుంచే తెలియాలని రాస్తున్నాను. ఆ ఆరింటిలో నాలుగు బళ్ళు ఒక పక్కకి ఒరిగి నిలబడుతున్నాయి. తేడా ముప్పావు అంగుళం.

కట్టలు మార్చడం తప్పు కాదు, ఆ మాట వెనక్కి తీసుకోను. 1967 కమారోకి చాలావరకు వెనక ఒక్కొక్క పట్టీయే వచ్చేది. పెద్ద ఇంజన్ ఉన్న బండిని ఒక్కసారిగా తొక్కితే ఆ పట్టీ మెలిక పడి చక్రాలు ఎగిరెగిరి పడతాయి. అందుకే 1968లో కంపెనీయే షాక్ అబ్జార్బర్లని ఒకటి యాక్సిల్‌కి ముందు, ఒకటి వెనక పెట్టింది. బలమైన మోడళ్ళకి ఎక్కువ పట్టీల కట్టలూ ఇచ్చింది. మనం వేసింది ఐదు పట్టీల కట్ట.

మొదట ఒరుగు కనిపెట్టిన ఆయన, "బోల్టులు గాల్లో బిగించేశారేమో చూడండి" అన్నారు. బండి లిఫ్ట్ మీద ఉండి చక్రాలు వేలాడుతుండగా కట్ట చివర్లలో ఉండే రబ్బరు బుష్‌ల బోల్టులు బిగిస్తే, రబ్బరు మెలిపడి బండి కిందికి దిగదు. కొత్తగా పనిలో చేరిన కుర్రాడు చేసే పొరపాటది. ఇరవై రెండేళ్ళుగా ఇదే పని చేస్తున్నాను, ఆ రాత్రి నిద్ర పడితే ఒట్టు. మర్నాడు ఆయన ముందే అన్నీ వదులు చేసి, బండిని నేల మీదికి దించి, ఊపి, మళ్ళీ బిగించాను. తేడా అలాగే ఉంది. ఎడమ కట్ట కుడికి, కుడిది ఎడమకి మార్చాను. ఒరుగు కూడా కట్టతో పాటే అటు వెళ్ళింది!

సరఫరాదారుకి పదకొండు సార్లు ఫోన్ చేస్తే ఒక ఈమెయిల్ వచ్చింది. ఆ మాత్రం తేడా మామూలేనట, ఎత్తుగా ఉన్న పక్క యాక్సిల్‌కీ కట్టకీ మధ్య ఒక దిమ్మ పెట్టుకోమన్నారు. నిజం చెబుతున్నాను, మూడు రోజులు ఊగిసలాడాను. దిమ్మకి అయ్యే ఖర్చు ఎంతని, పెడితే ఎవరూ కనిపెట్టరు. కానీ యాక్సిల్‌కీ కట్టకీ మధ్య దూరం పెరిగితే కట్ట మీద మెలితిప్పే బలం ఇంకా పెరుగుతుంది. ఏ రోగానికి మందు వేశామో దాన్నే మళ్ళీ తెచ్చిపెట్టినట్టు!

మా నాన్న విజయవాడ ఆటోనగర్‌లో లారీల కమాన్ పని చేసేవారు. రెండు కట్టల్నీ నేల మీద పక్కపక్కన పెట్టి, దారం లాగి వంపు కొలవనిదే బండికి ఎక్కించేవారు కాదు. నేను? అట్టపెట్టె విప్పాను, బిగించేశాను. సరఫరాదారుని ఎంత తిట్టుకున్నా ఆ భాగం నాదే.

దిమ్మలు పెట్టట్లేదు. తిన్నగా ఉన్న రెండు బళ్ళతో సహా ఆరింటికీ వేరే చోట నుంచి తెప్పించిన కట్టలు, వాటిని యాక్సిల్‌కి పట్టి ఉంచే కొత్త యూ బోల్టులు వేస్తాం. మీరు పైసా ఇవ్వక్కర్లేదు. పాత సరఫరాదారు డబ్బు వెనక్కి ఇస్తాడా లేదా అన్నది నా గొడవ. వారానికి రెండు బళ్ళే చేయగలం, కాబట్టి మిగతా పనులు మూడు వారాలు ఆలస్యం అవుతాయి. అప్పటిదాకా ఆ ఆరుగురూ బండిని గట్టిగా తొక్కకండి.

మొదట లిఫ్ట్ ఎక్కేది "గాల్లో బిగించారేమో" అన్న ఆయన బండి. చివరి బోల్టు, నాలుగు చక్రాలూ నేల మీద ఉండగా, ఆయన చేతే బిగింపిస్తాను.