ఆ చిన్న బాక్సుకు ఇంకో నాలుగు లైన్లు ఇవ్వండి

సంపాదకులకు నమస్కారం.

నేను పేపరును వెనక నుంచి చదివే రకం. ఎవరు ఎవర్ని తిట్టారో మధ్యాహ్నానికైనా ఎలాగూ తెలుస్తుంది కదా, అందుకని పొద్దున్నే ముందుగా లోపలి పేజీలో ఓ మూలన మీరు వేసే ‘చరిత్రలో ఈరోజు’ చూసుకుని, ఎవరు పుట్టారు, ఎవరు పోయారు, ఇవాళ ఏ దినోత్సవం అన్నది తెలుసుకున్నాకే మిగతా పేజీల్లోకి వెళ్తాను. ఈమధ్య ఆ మూల బాగా చిక్కిపోయింది. ఇదివరకు అరచేయంత ఉండేది, ఇప్పుడు రెండు వేళ్ల వెడల్పు. ఆరు లైన్లు, లైనుకో సంవత్సరం. యాడ్ పెద్దదొచ్చిన రోజు అదీ గల్లంతే. యాడ్లు లేకపోతే పేపరు నడవదని నాకూ తెలుసు, దాని మీద పోట్లాటకు రాలేదు. ఆ ఆరు లైన్లు వేసే తీరు గురించి ఓ మాట చెప్పాలని చాన్నాళ్లుగా అనుకుంటూ వాయిదా వేస్తున్నాను, ఇవాళ్టికి కుదిరింది.

మీ లైను ఇలా ఉంటుంది: ‘1969: చంద్రుడిపై తొలిసారి మనిషి కాలుమోపాడు’. జులై 20న వేస్తారు. ఏటా వేస్తారు. ఏటా అవే మాటలు. ఇది తెలియనివాళ్లు పేపరు చదివేవాళ్లలో ఉంటారనుకోను.

మా అమ్మ దగ్గర ఎర్ర బైండు వేసిన పాత లెడ్జరు పుస్తకం ఒకటి ఉండేది. పేజీకో తేదీ చొప్పున 366 పేజీలకు నెంబర్లు వేసుకుని, మీ శీర్షికలోంచి తనకు నచ్చిన ముక్కను బ్లేడుతో కోసి, జిగురు రాసి ఆ తేదీ పేజీలో అతికించేది. ఏడాది తిరిగి అదే తేదీ వస్తే మళ్లీ అదే పేజీ. కింద పెన్సిల్‌తో ఆరోజు ఇంటి సంగతులేవో రెండు ముక్కలు. అలా ఒక్కో పేజీలో పదిహేనిరవై ఏళ్ల ముక్కలు ఒకదాని కింద ఒకటి పేరుకుపోయి, పుస్తకం మూస్తే మధ్యలో ఉబ్బెత్తుగా ఉండేది. రబ్బరు బ్యాండు పెట్టకపోతే మూతపడేది కాదు.

ఆ జులై 20 పేజీలో, చంద్రుడి ముక్క కింద అమ్మ ఇలా రాసింది: ‘ఇది వాళ్ల తేదీ. మనకు 21 పొద్దున ఎనిమిదిన్నర. ఆరోజు కుట్టుమిషన్ బెల్టు తెగింది. చిన్నదానికి జ్వరం 101, రాత్రికి దిగింది.’ ఆ చిన్నదాన్ని నేనే. మొన్నామధ్య లెక్క వేసి చూశాను. ఆర్మ్‌స్ట్రాంగ్ కాలు పెట్టినప్పుడు గ్రీనిచ్ టైము 21వ తేదీ తెల్లవారుజాము 2.56. దానికి అయిదున్నర గంటలు కలిపితే మన గడియారంలో పొద్దున 8.26. అమెరికాలో మాత్రం అప్పటికి ఇంకా 20 రాత్రే. అమ్మ లెక్క నాలుగు నిమిషాలే తేడా! చంద్రుడి మీద మనిషి నడిచింది మన గోడ మీది క్యాలెండరు ప్రకారం 21న అన్న ముక్క ఇన్నేళ్లలో మీ శీర్షికలో ఒక్కసారైనా వస్తుందేమోనని చూశాను, రాలేదు. చెప్పడానికి ఎంత చోటు కావాలి? ఒకటిన్నర లైను.

తేదీ ఎవరిది అన్నది చిన్న విషయం కాదండీ. 1930 ఏప్రిల్ 18 సంగతి చూడండి. ఆరోజు గుడ్ ఫ్రైడే. రాత్రి 8.45కి లండన్‌లో బీబీసీ రేడియో వార్తల టైమైంది. వార్తలు చదివే ఆయన మైకు ముందుకొచ్చి, వార్తలేమీ లేవు అని ఒక్క ముక్క చెప్పాడు. మిగిలిన టైమంతా పియానో వాయించారు. నేను మొదటిసారి ఇది చదివినప్పుడు ముచ్చటేసింది, ఎంత నిజాయితీ, చెప్పడానికేం లేకపోతే లేదని చెప్పి ఊరుకున్నారు, ఇరవై నాలుగ్గంటలూ బ్రేకింగ్ న్యూస్ అని ఎర్ర పట్టీలు తిప్పే ఈ రోజుల్లో ఎవరైనా ఆ పని చేయగలరా అని ఇంట్లో అందరికీ చెప్పాను కూడా. ఆ తర్వాత అమ్మ పుస్తకంలో అదే తేదీ పేజీ తీశాను. మీ పేపరు ముక్కే ఉంది: ‘1930: చిట్టగాంగ్ ఆయుధాగారంపై విప్లవకారుల దాడి’. సంవత్సరం చూశాను. మళ్లీ చూశాను. అదే సంవత్సరం, అదే తేదీ.

బెంగాల్ విప్లవకారుడు సూర్యసేన్, ఆయన వెంట ఉన్న కుర్రాళ్లు దాడి చేసింది అక్కడి టైము ప్రకారం రాత్రి పదింటి ప్రాంతంలో. అప్పటికి లండన్‌లో ఇంకా సాయంత్రమే. అంటే బీబీసీ ఆయన మైకు ముందు వార్తల్లేవని చెప్పేటప్పటికి, బ్రిటిష్ వాళ్ల ఆయుధాగారం మీదే దాడి జరిగి కొన్ని గంటలైంది. విప్లవకారులు టెలిఫోన్, టెలిగ్రాఫ్ తీగలు ముందే తెంపేశారు కాబట్టి కబురు అక్కడిదాకా చేరి ఉండదు. అబద్ధమాడాడని నేననను. పోనీ ఇది దూరం దేశపు సంగతి అనుకుందాం, అదేరోజు రొమేనియాలోని కొస్తెష్టి అనే చోట చెక్కతో కట్టిన చర్చికి నిప్పంటుకుని వందమందికి పైగా చనిపోయారు, వాళ్లలో ఎక్కువమంది పిల్లలు. అదీ అందలేదు. పియానో మాత్రం అందింది.

ఈ మూడింటినీ ఎవరైనా పక్కపక్కన పెట్టి ఆరు లైన్లలో రాస్తే ఎలా ఉంటుందో ఊహించండి. విడివిడిగా వేస్తే ఒకటి విప్లవం, ఒకటి ప్రమాదం, ఒకటి సరదా ముచ్చట. మీ దగ్గర మూడూ ఉంటాయి, కానీ లైనుకో సంవత్సరం అనే లెక్క వల్ల అవి ఒకదాన్నొకటి ఎప్పుడూ కలుసుకోవు.

ఫ్రెంచి రాజు పదహారో లూయీ డైరీ గురించి మీరు ఒకటి రెండుసార్లు వేశారు. 1789 జులై 14న, బాస్టీల్ జైలు మీద జనం విరుచుకుపడిన రోజున, ఆయన ‘ఏమీ లేదు’ అని రాసుకున్నాడని. చదివి నవ్వుకున్నాం. మీరు వేయనిదేమిటంటే, అది చాలావరకు ఆయన వేట లెక్కల పుస్తకం. ఆరోజు వేటలో ఏమీ దొరకలేదని దానర్థం. పాపం, ఆ ఒక్క మాట మీద ఇన్నేళ్లుగా ఆయన్ని వెక్కిరిస్తూ వచ్చాం (వెక్కిరించడానికి ఆయన దగ్గర వేరే కారణాలు చాలానే ఉన్నాయనుకోండి). అమ్మ పుస్తకంలోనూ సగం పేజీల్లో ‘విశేషం లేదు’ అనే ఉంటుంది. నాన్న పోయిన తేదీ పేజీలో అమ్మ ఆ ఏడు ఏమీ అతికించలేదు, ఏమీ రాయలేదు. దాని పైన ముందటేడు రాసిన ‘విశేషం లేదు’ ఉంది.

ఇక దినోత్సవాల సంగతి. ఇవి మరీ ఎక్కువైపోయాయని, రోజుకో దినోత్సవమేమిటని విసుక్కునేవాళ్లు చాలామంది, మొన్నటిదాకా నేనూ ఆ బాపతే. మార్చి 21 ఒక్కరోజే కవితా దినోత్సవం, అడవుల దినోత్సవం, జాతివివక్ష నిర్మూలన దినోత్సవం, డౌన్ సిండ్రోమ్ దినోత్సవం. వరసగా కామాలు పెట్టి వేసేస్తే కళ్లు దాని మీంచి జారిపోతాయి. అదే తేదీ ఎందుకు అని వేసి చూడండి. డౌన్ సిండ్రోమ్ ఉన్న పిల్లల్లో 21వ క్రోమోజోమ్ రెండుకు బదులు మూడు ఉంటుంది, అందుకని 21వ తేదీ, మూడో నెల. తేదీలోనే సంగతంతా ఉంది. జాతివివక్షకు ఆ రోజెందుకంటే, 1960 మార్చి 21న దక్షిణాఫ్రికాలోని షార్ప్‌విల్‌లో నల్లజాతి వాళ్లు, తాము ఎప్పుడూ పాసు దగ్గర ఉంచుకోవాలనే చట్టాల మీద నిరసనకు దిగితే పోలీసులు కాల్పులు జరిపారు, 69 మంది చనిపోయారని అప్పట్లో లెక్క తేల్చారు. ఇవి చదివాక కామాల మధ్య ఉన్న ఆ పేర్లను మళ్లీ మామూలుగా చదవలేకపోయాను.

పై (వృత్తాల లెక్కల్లో వచ్చే 3.14) రోజు ఇంకో తమాషా. మార్చి 14ను పై రోజంటారు, ఎందుకంటే అమెరికా వాళ్లు నెల ముందు రాస్తారు, 3/14 అవుతుంది. మనం తేదీ ముందు రాస్తాం, మనకు 14/3. ఎక్కడి పై, ఎక్కడి పద్నాలుగు! మన పద్ధతిలో పైకి సరిపోయేది జులై 22. 22/7 అని చిన్నప్పుడు వృత్తం వైశాల్యం లెక్కలన్నీ చేసింది దాంతోనే కదా. నిజానికి ఆ తేదీని కూడా పైకి ఇచ్చినవాళ్లున్నారు. ఇది వేస్తే స్కూలు పిల్లలు ఎగబడి చదువుతారు.

మాతృ దినోత్సవం రోజున మీ పేపర్లో అమ్మ మీద కవితలు, నగల యాడ్లు నిండుగా ఉంటాయి. అన్నా జార్విస్ పేరు ఎప్పుడో ఒకసారి చూశాను. వాళ్లమ్మ 1905లో పోతే, 1908లో ఆమె జ్ఞాపకంగా మొదలుపెట్టి, ఏళ్ల తరబడి ఉత్తరాలు రాసి రాసి, 1914లో అమెరికా అధ్యక్షుడు విల్సన్ చేత మే రెండో ఆదివారాన్ని ప్రకటింపజేసింది ఆవిడే. తర్వాత పూల వ్యాపారులు, గ్రీటింగ్ కార్డుల కంపెనీలు ఆ రోజును ఎత్తుకుపోవడం చూసి, మిగతా జీవితమంతా తను పెట్టిన పండగ మీద తనే పోరాడింది. అచ్చేసిన కార్డు పంపేవాళ్లంటే ఆవిడకు ఒళ్లుమంట, సొంతంగా ఒక ఉత్తరం ముక్క రాయడానికి బద్ధకమా అని. 1948లో పోయింది, పిల్లల్లేరు. నగల యాడ్ పక్కన ఇది వేస్తే యాడ్ ఇచ్చినవాళ్లు నొచ్చుకుంటారేమో, నాకు తెలియదు, మీ ఇష్టం.

తప్పుల గురించి కూడా చెప్పాలి, నా తప్పుతో మొదలుపెడతాను. ఓ ఏడాది మీరు న్యూటన్ పుట్టినరోజును డిసెంబర్ 25న వేశారు, పది రోజులకే జనవరి 4న మళ్లీ వేశారు. తప్పు దొరికిందని సంబరపడిపోయి, ఈసారి మిమ్మల్ని గట్టిగా దులపాలని ఉత్తరం కూడా మొదలెట్టాను. చూస్తే రెండూ రైటే! ఆయన పుట్టినప్పుడు ఇంగ్లండులో పాత క్యాలెండరు ప్రకారం 1642 డిసెంబర్ 25, పక్కన కొత్త క్యాలెండరుకు మారిపోయిన దేశాల్లో 1643 జనవరి 4. ఇంగ్లండు 1752లో గానీ మారలేదు, అప్పుడు సెప్టెంబర్ 2 మర్నాడు 14 వచ్చింది. రష్యా అక్టోబర్ విప్లవం వార్షికోత్సవం నవంబర్ 7న వచ్చేదీ ఇందుకే. సగం చింపిన ఆ ఉత్తరం అమ్మ పుస్తకంలో జనవరి 4 పేజీలో అలాగే ఉంది. మీరేమో రెండుసార్లూ పక్కన చిన్న వివరణ ఇవ్వలేదు. ఇచ్చుంటే నాకు ఆ టెన్షన్ తప్పేది, మీకు ఈ పేరా తప్పేది.

ఇప్పుడు పొద్దున లేవగానే ఫోన్లో గులాబీ పువ్వు బొమ్మ మీద ‘నేటి ప్రత్యేకత’ అని వస్తుంది. అందులో తప్పొస్తే మధ్యాహ్నానికి నలభై గ్రూపులు తిరిగొస్తుంది, సరిదిద్దేవాడుండడు. అందుకే మీ బాక్సు చిక్కిపోతుంటే నాకు మనసొప్పలేదు.

2010లో ఒకాయన కోట్ల కొద్దీ వివరాలు కంప్యూటర్‌కు ఎక్కించి, ఇరవయ్యో శతాబ్దంలో అన్నిటికన్నా చప్పటి రోజు ఏదని అడిగాడట. 1954 ఏప్రిల్ 11 అని వచ్చింది. బెల్జియంలో ఎన్నికలు తప్ప చెప్పుకోదగ్గవి పెద్దగా లేవట. ఆ రోజు పుట్టినవాళ్లకు, పెళ్లయినవాళ్లకు ఎంత మండి ఉంటుందో! వచ్చే ఏప్రిల్ 11న ఆరు లైన్లూ దానికే ఇచ్చేసి, ఆరోజు మీ ఇంట్లో ఏం జరిగిందని పాఠకుల్ని అడగండి. ఉత్తరాలు ఏరలేక మీ డెస్కు వాళ్లు నన్ను తిట్టుకుంటారు.

నేనడిగేది పెద్దగా ఏం లేదు. ఆరు సంవత్సరాలకు ఆరు లైన్లు వద్దు, ఒక సంవత్సరానికి ఆరు లైన్లు ఇవ్వండి. ఇంకో నాలుగు కలిపి పదిస్తే మరీ మంచిది. అందరూ ఎరిగినది వదిలేసి, ఆ తేదీ ఎలా వచ్చింది, ఎవరి గడియారం ప్రకారం వచ్చింది, అదేరోజు ఇంకో చోట ఏం జరుగుతోంది, ఇందులో ఏదో ఒకటి చెప్పండి చాలు.

అమ్మ పోయాక పుస్తకం నా దగ్గరుంది, ముక్కలు అతికించడం నేనూ మానలేదు. ఏప్రిల్ 18 పేజీలో చిట్టగాంగ్ ముక్క పక్కన నాలుగు వేళ్ల ఖాళీ ఉంచాను. మీరు ఆ మూడు సంగతులూ కలిపి వేస్తే అక్కడికి సరిగ్గా సరిపోతుంది. వెనక పక్క ఎంత యాడ్ కావాలంటే అంత వేసుకోండి, అటువైపు ఎలాగూ జిగురే.

ఇట్లు,
మీ పాత చందాదారు