ఇన్నయ్య పెద్దనాన్న బేరం

ఒరేయ్ శౌరీ,

నీ ఉత్తరం వచ్చి చాలా రోజులైంది. జవాబు రాయలేదని తిట్టుకుంటూనే ఉంటావు, తిట్టుకో. అమ్మకు కంటి ఆపరేషన్ అయింది, బాగానే ఉంది. మిరప కోత మొదలైంది, కూలీలు దొరకడం లేదు, ధర సంగతి అడగకు. చిన్నదానికి ఇంజనీరింగ్ వద్దట, నర్సింగ్ చదువుతుందట. వార్తలైపోయాయి. అసలు సంగతి ఫోనులో చెబితే మధ్యలో నవ్వి పాడుచేస్తావని రాస్తున్నాను.

ఇన్నయ్య పెద్దనాన్న గుణదలలో ఫాదర్ దగ్గర తప్పు ఒప్పుకుని పాపసంకీర్తనం చేశాడు!

అవును, ఆయనే. పూజలో అందరూ గురువు చేతి దివ్యసత్ప్రసాదం అందుకోవడానికి లేస్తే వెనక బల్లమీద మోకాళ్లు పట్టుకుని కూర్చునే మన ‘మోకాళ్ల స్వామి’. ఆ పేరు పెట్టినందుకు మీ నాన్న మనిద్దరికీ ఏం వడ్డించారో గుర్తుందా? తీరా చూస్తే ఆ మోకాళ్లకు ఏ రోగమూ లేదు. లూర్దత్త చావుబతుకుల్లో ఉండి అన్నయ్యను చూడాలని కబురు పెడితే ఈయన వెళ్లలేదు. ఆమె పెళ్లినాటి పంతం. చివరికి మట్టి వేయడానికి మాత్రం వెళ్లాడు. అప్పటి నుంచి ఒక్క ఆదివారం పూజ మానలేదు, ఆ పాపం ఒప్పుకోకుండా తగనని ఒక్కసారి కూడా సత్ప్రసాదం తీసుకోలేదు. ఇదంతా మొన్న బస్సులో చెప్పాడు. మనం నవ్విన నవ్వులు తలుచుకుంటే... సరే, అది వదిలేయ్.

ఫిబ్రవరి 11న గుణదల కొండ మీద జరిగే లూర్దుమాత పండుగకు తీసుకెళ్లమని ఆయనే అడిగాడు. అత్తకు ఆ లూర్దుమాత పేరే కదా పెట్టారు. ఫాదర్ అర్లాటి 1924లో అక్కడ స్వరూపం నిలిపారు. మా తాత కాలం నుంచి ఇంట్లో ఎవరో ఒకరు ఆ కొండకు వెళ్తూనే ఉన్నారు. అత్త పోయాక ఈయనే మానేశాడు.

పాపసంకీర్తనాల దగ్గర పెద్ద వరుస. పెద్దనాన్నకు చెవుడని తెలుసుగా, గుసగుసగా మాట్లాడుతున్నాననుకుంటూ ఊరంతటికీ వినిపిస్తాడు. వినకూడదని నేను దూరం జరిగాను. అయినా ఉన్నట్టుండి, “ఇంతేనా ఫాదర్?” అని కేక! వరుసంతా అటు తిరిగింది. ఒక పరలోక జపం, మూడు మంగళవార్త జపాలు చెప్పుకోమన్నారట ప్రాయశ్చిత్తంగా. “ఇది చాలదు. ఉపవాసాలు చెప్పండి, మోకాళ్లమీద కొండెక్కమనండి!” ఒరేయ్, మిరప యార్డులో నా సరుకుకు ధర తగ్గించండి బాబూ అని బతిమాలే రైతును ఎప్పుడైనా చూశావా? నేను చూశాను, మా పెద్దనాన్న రూపంలో.

లోపల ఏం జరిగిందో ఫాదర్ చెప్పరు కదా, ఈయనే బయటికొచ్చి కోపంగా చెప్పాడు. ఆస్తి తగలేసి తండ్రి దగ్గరికి తిరిగొచ్చిన ఆ తప్పిపోయిన కుమారుడి కథ తెలుసా అని అడిగారట. బైబిల్లో లూకా 15వ అధ్యాయం, నోటికి వచ్చు అన్నాడట ఈయన. అయితే ఆ కొడుకు ఇంటికి బయలుదేరే ముందు తండ్రితో ఏమని చెప్పాలనుకున్నాడో చెప్పండి అన్నారట. ‘పాపం చేశాను, నీ కొడుకుననిపించుకోవడానికి తగను, నన్ను నీ కూలివాళ్లలో ఒకడిగా పెట్టుకో’ అని గడగడా అప్పజెప్పాడట. మరి తండ్రి ఎదుట నిలబడ్డాక ఎంతవరకు చెప్పగలిగాడు? పెద్దనాన్న నోరు తెరిచి ఆగిపోయాడట. కూలివాళ్ల మాట అక్కడ లేదు శౌరీ! నువ్వూ తీసి చూడు. అంతదాకా రానివ్వకుండానే తండ్రి అంగీ తెమ్మంటున్నాడు, ఉంగరం పెట్టమంటున్నాడు. “మీరు కూలి కుదుర్చుకోవడానికి వచ్చారు తాతా. ఇక్కడ ఆ పని ఖాళీ లేదు” అన్నారట ఆ ఫాదర్. వయసు మహా ఉంటే ముప్పై.

“కుర్రవాడు, వాడికేం తెలుసు” అంటూ ఈయన మోకాళ్లమీద మెట్లెక్కడం మొదలుపెట్టాడు. రెండో మెట్టు దగ్గర మోకాలు నిజంగానే పట్టేసింది! అక్కడే కూలబడ్డాడు. నేను నవ్వాపుకోలేకపోయాను, ఆయన కూడా నవ్వాడు, నవ్వుతూనే ఏడ్చాడు. పక్కన బఠాణీలు అమ్మే ఆమె వచ్చి నీళ్లిచ్చింది. ఆ మెట్టుమీదే కూర్చుని, చెప్పమన్న జపాలు చెప్పుకున్నాడు. ఒక్కటి కూడా ఎక్కువ చెప్పలేదు, నేను లెక్కపెట్టాను.

సాయంత్రం పూజలో సత్ప్రసాదం వరుసలోకి వచ్చాడు, పక్కకు తప్పుకున్నాడు, మళ్లీ వచ్చి నా వెనక నిలబడ్డాడు. అరచేతులు పంచెకు తుడుచుకుంటూనే ఉన్నాడు. తీరా గురువు ముందుకు వెళ్లాక చేతులు చాపలేదు, చిన్నప్పటి అలవాటుగా కళ్లు మూసుకుని నాలుక చాపాడు.

నాకు మాత్రం ఒకటి కొరుకుడు పడటం లేదు. దేవుడు షరతులేమీ పెట్టలేదు, సంతోషం. అత్త కూతురి మాటేమిటి? తల్లి తలగడ దగ్గర గుమ్మం వైపు చూస్తూ కూర్చున్నది తను. తనను అడగకుండానే లెక్క తీరిపోయిందంటే తనెలా ఒప్పుకుంటుంది? ఇదే పెద్దనాన్నతో అంటే, “తను క్షమిస్తుందని వెళ్లను, తిట్టినా సరే వెళ్తాను. ఇంతకాలం ఆ తిట్లకు భయపడే కదా వెళ్లలేదు” అన్నాడు. ఫోను చేశాడు, తను ఎత్తలేదు. వచ్చే ఆదివారం ఫిరంగిపురం వెళ్తానంటున్నాడు, నన్నూ రమ్మంటున్నాడు. వెళ్లాలా వద్దా, నువ్వయితే ఏం చేస్తావు? తనకు నీ మాటంటే గురి, ఎందుకో నేను చెప్పనక్కర్లేదు, బెల్లం డబ్బా సాక్షి. నువ్వొకసారి ముందుగా మాట్లాడితే...

అయ్యో, మబ్బు పట్టింది. కల్లంలో కాయలన్నీ ఆరబోసి ఉన్నాయి, పట్టాలు కప్పాలి. పరుగెత్తాలి. ఆదివారం లోపల ఫోను చెయ్యి, తప్పకుండా

నీ
బాలు