పాత పడవ మోటార్లు: కాయిల్ మార్చేముందు పాయింట్లు చూడండి

సంపాదకులకు,

ప్రకాశం బ్యారేజీ ఎగువన కృష్ణలో తిప్పుకునే మా పాత అవుట్‌బోర్డు మోటారు (పడవ వెనక తగిలించేది) వానాకాలం తరవాత స్టార్టు కాకపోతే, ఒక మెకానిక్ పరీక్షించకుండానే కాయిల్ (ప్లగ్‌కు నిప్పురవ్వ కోసం అధిక వోల్టేజీ ఇచ్చే తీగచుట్ట) మార్చి డబ్బు తీసుకున్నారు. లోపం మాత్రం అలాగే ఉండిపోయింది.

ముందుగా స్పార్క్ ప్లగ్ విప్పి, వైరుకు తగిలించి, దాని లోహభాగాన్ని ఇంజిన్ బాడీకి ఆనించి, పెట్రోలు ఆవిరి దగ్గరలో లేదని నిర్ధారించుకున్నాక తాడు లాగితే నీలిరంగు నిప్పురవ్వ గట్టిగా కనిపించాలి. పసుపుగా, బలహీనంగా వచ్చినా, అసలు రాకపోయినా కొత్త ప్లగ్‌తో మరోసారి చూడాలి. అప్పటికీ ఫలితం లేకపోతే అనుమానించవలసినది ఫ్లైవీల్ (ఇంజిన్‌తో తిరిగే బరువైన చక్రం) కింద ఉండే కాంటాక్ట్ పాయింట్లను, అంటే కాయిల్‌కు వెళ్లే విద్యుత్‌ను కలిపి తెంచే చిన్న స్విచ్‌ను. నెలల తరబడి తేమలో ఉన్నప్పుడు వాటి ముఖాలపై సన్నని పొర పట్టి విద్యుత్ ప్రవాహాన్ని అడ్డుకుంటుంది. సన్నని గరుకు కాగితంతో తేలికగా రుద్ది, శుభ్రమైన కాగితంతో తుడిచి, పాయింట్లు పూర్తిగా తెరుచుకున్నప్పుడు ఉండే సందును సరిచేయాలి. పాత జాన్సన్, ఎవిన్‌రూడ్ మోటార్లు చాలావాటిలో అది 0.020 అంగుళం. ఫ్లైవీల్‌ను పుల్లర్ అనే లాగే పనిముట్టుతోనే ఊడదీయాలి, సుత్తి దెబ్బలు (మనవాళ్లకు అదే సులువు!) ఇంజిన్‌లో తిరిగే ఇరుసు అయిన క్రాంక్‌షాఫ్ట్‌ను పాడుచేస్తాయి.

కండెన్సర్ (పాయింట్ల దగ్గర నిప్పురవ్వలు రాకుండా తగ్గించే భాగం), కాయిల్‌ల వంతు ఆ తరవాతే. మా మోటారు పాయింట్లు శుభ్రం చేశాక రెండో లాగుకే అందుకుంది.

– ఒక పాఠకుడు, విజయవాడ